పెట్టె మీద 600 లీటర్లు, పొలంలో 120: ఒక పెట్రోల్ ఇంజన్ కేసు

నవంబర్ రెండో వారంలో పొద్దున్నే ఫోన్ వచ్చింది. "అన్నా, కొత్త ఇంజను, పట్టుమని పది రోజులు కాలేదు, నీళ్లు రావట్లేదు, షాపు వాడేమో ఇంజను బాగానే ఉంది పొమ్మంటున్నాడు." మాట్లాడింది కుర్రాడు. వెనకనుంచి వాళ్ల నాన్న గొంతు, "పూత రాలిపోతోందని చెప్పరా ముందు" అని వినిపిస్తోంది. మిరపకి పూత మీద తడి అందకపోతే ఏమవుతుందో ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. పంపులు, ఇంజన్లు రిపేరు చేయడం నా పని. ఆ రోజు షెడ్లో ఉన్న పని పక్కన పెట్టి బండెక్కాను.

ఊరు పల్నాడులో ఉంది. నాగులేరులో కలిసే ఒక చిన్న వాగు పక్కన రెండెకరాల నల్లరేగడి, కౌలు చేను. కరెంటు స్తంభం చాలా దూరం. బోరు వేసుకోవడానికి పొలం సొంతం కాదు. అందుకే పెట్రోల్ ఇంజన్ కొన్నారు. ఆలోచన సరైనదే. 2 అంగుళాల పంపు, 163 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజన్, పెట్టె మీద మూడు అంకెలు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి: సక్షన్ (కింది నుంచి నీళ్లు పీల్చే ఎత్తు) 8 మీటర్లు, హెడ్ (నీళ్లు ఎక్కే మొత్తం ఎత్తు) 30 మీటర్లు, డిశ్చార్జ్ (బయటికి పోసే నీళ్లు) నిమిషానికి 600 లీటర్లు. కొట్టులో "ఐదున్నర హెచ్‌పీ బాబాయ్, మీ వాగుకి ఇది చాలా ఎక్కువ" అన్నారట. నిజానికి హెచ్‌పీ సరిపోతుంది కూడా, కాకపోతే వాగు ఒడ్డు ఎంత ఎత్తు, చేను ఎంత దూరం అని కొన్నవాళ్లూ ఆలోచించలేదు, అమ్మినవాళ్లూ అడగలేదు.

నేను వెళ్లేసరికి ఇంజన్ ఒడ్డు మీద తుమ్మచెట్టు నీడలో ఉంది. తాడు లాగితే రెండో లాగుకే స్టార్టయింది. మోత బాగానే ఉంది, పొగ లేదు. పంపులో నీళ్లు నింపి నడిపిస్తే ఐదారు నిమిషాలకు డెలివరీ పైపు, అంటే పంపు నుంచి చేనికి నీళ్లు తీసుకెళ్లే పైపు, కొద్దిగా ఉబ్బింది, చేని దగ్గర చివర మాత్రం నీళ్లు తుంపులు తుంపులుగా, మధ్యలో గాలి ఉమ్ముతూ వస్తున్నాయి. మిరప చేను కాబట్టి మందు కలిపే 200 లీటర్ల నీలం డ్రమ్ము అక్కడే ఉంది. దాన్ని కడిగించి, పైపు అందులో పెట్టించి, ఫోన్లో టైము చూశాను. నిండటానికి 1 నిమిషం 40 సెకన్లు. అంటే నిమిషానికి 120 లీటర్లు.

ఇక్కడ నా వల్ల జరిగిన పొరపాటు ఒకటి చెప్పాలి. కొత్త ఇంజన్, కొత్త పెట్రోలు, నీళ్లు చాలడం లేదు అనేసరికి ఫుల్ ఆర్‌పీఎం రావడం లేదేమో అనుకుని ముందు కార్బురేటర్ విప్పాను. అరగంట పోయింది. అందులో ఏమీ లేదు. ఇంజన్ మోతలోనే లోడు లేదని తెలుస్తోంది, చక్రం ఖాళీగా తిరుగుతున్నట్టు తేలికగా అరుస్తోంది, అది వినగానే నా చెయ్యి సక్షన్ వైపు పోవాల్సింది. ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకి ఇదే చెబుతున్నాను: నీళ్లు తక్కువ అనగానే స్పానర్ తీయొద్దు, తాడు తీయండి అని.

ఆ తాడుకే రాయి కట్టి ఒడ్డు మీద పంపు మూతి ఎత్తు నుంచి వాగు నీటి మట్టం దాకా వదిలాను. 21 అడుగులు. వాళ్ల నాన్న పన్నెండో పదమూడో ఉంటుందనుకున్నాడు. ఒడ్డు వాలుగా ఉంటే కంటికి అలాగే మోసం చేస్తుంది. వాలు వెంట నడిచి దిగుతాం కాబట్టి లోతు తెలియదు.

పెట్టె మీద 8 మీటర్లు అంటే 26 అడుగులు ఉంది కదా, 21కి ఎందుకు లాగదు అని కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్న, కొనేముందు అందరూ అడగాల్సిన ప్రశ్న. పంపు నీటిని లాగుతుందని మనం అంటాం గానీ అది చేసేది పైపులో గాలి ఖాళీ చేయడమే. బయటి గాలి బరువు వాగులో నీటి మీద పడి, ఆ నీటిని పైపులోకి పైకి తోస్తుంది. ఆ గాలి బరువు మొత్తం కలిపితే సముద్ర మట్టం దగ్గర 10.3 మీటర్ల నీటిని, అంటే సుమారు 34 అడుగులని మాత్రమే నిలబెట్టగలదు. ఐదున్నర హెచ్‌పీ పెట్టినా యాభై హెచ్‌పీ పెట్టినా ఈ 34 మారదు. ఆ 34లోంచే పైపు లోపల రాపిడికి కొంత, పైపు అడుగున నీళ్లలో ఉండే ఫుట్‌వాల్వ్ జాలీ దాటడానికి కొంత, పంపు లోపల నీళ్లు తోసే చక్రం, అంటే ఇంపెల్లర్ దగ్గర నీళ్లు ఆవిరి బుడగలుగా విరిగిపోకుండా ఉండటానికి ఇంకొంత పోతుంది. అందుకే కొత్త పంపుతో, పైపు బిగువుగా ఉంటే 20, 22 అడుగుల దాకా నీళ్లు ఎక్కుతాయి గానీ ధార పలచబడిపోతుంది. నేనైతే 15 అడుగులు దాటితే పంపునే కిందికి దించమంటాను.

ఆ మూడు అంకెల సంగతి కూడా అక్కడే మట్టి మీద పుల్లతో గీసి చూపించాను. 600 లీటర్లు అనేది పంపు పక్కనే నీళ్లుండి, ఎత్తు దాదాపు ఏమీ లేకుండా పోసినప్పటి లెక్క. 30 మీటర్లు అనేది నీళ్లు అంత ఎత్తు ఎక్కి అక్కడే నిలబడిపోయినప్పటి లెక్క, ఆ ఎత్తులో చుక్క కూడా బయటికి రాదు. మీ చేను ఎప్పుడూ ఈ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. మూడు అంకెలూ ఒకేసారి ఏ పంపులోనూ రావు, ఎంత మంచి కంపెనీదైనా సరే. ఈ మాట అమ్మేచోట చెబితే సగం గొడవలు ఉండవు.

ఆ తర్వాత లీకు. సక్షన్ పైపు పంపు మూతికి ఒకే క్లిప్పుతో బిగించారు. డెలివరీ వైపు లీకైతే నీళ్లు కారి మనకి కనపడుతుంది, సక్షన్ వైపు లీకైతే బయటికి ఏమీ రాదు, గాలి లోపలికి పోతుంది. వాగులోంచి గుప్పెడు బంకమట్టి తెప్పించి, ఇంజన్ నడుస్తుండగానే ఆ జాయింటు చుట్టూ మెత్తాను. నాలుగైదు సెకన్లలో మోత బరువెక్కింది, డెలివరీ పైపు బిగుసుకుంది. కుర్రాడి నాన్న, అదే మన బాబాయ్, మొహంలో అప్పుడు కాస్త వెలుగు వచ్చింది. రెండో క్లిప్పు ఎదురు దిశలో వేశాం, లోపల రబ్బరు వాషరు సరిగ్గా కూర్చోబెట్టాం. పైపు ఒకచోట చెట్టు వేరు మీదుగా పంపు మూతి కంటే ఎత్తుగా వచ్చి మళ్లీ కిందికి దిగుతోంది, ఆ గూనిలో గాలి నిలిచిపోతుంది కాబట్టి వేరు కొట్టించి, నీటి దగ్గర నుంచి పంపు దాకా ఎక్కడా వంగకుండా ఎక్కుతూ వచ్చేలా సర్దాం. మళ్లీ డ్రమ్ము పెడితే 1 నిమిషం 15 సెకన్లు. 120 కాస్తా 160 అయింది.

ఇంకో దెబ్బ అప్పటికే తగిలి ఉంది. ఇంజన్‌కీ పంపుకీ మధ్య కింద చిన్న రంధ్రం ఉంటుంది, అక్కడి నుంచి చుక్కలు పడుతున్నాయి. ఎన్నిసార్లు నీళ్లు పోయకుండా నడిపారని అడిగితే కుర్రాడు తల దించుకుని "మొదటి రోజు అన్నా, సెల్ఫ్ ప్రైమింగ్ అన్నారు కదా, దానంతట అదే లాగుద్దేమోనని" అన్నాడు. వాడి తప్పేం లేదు, ఆ మాటే తికమక పెడుతుంది. సెల్ఫ్ ప్రైమింగ్ అంటే పంపు పొట్టలో మనం నీళ్లు నింపితే, ఆ నీళ్లతో సక్షన్ పైపులో గాలి అదే బయటికి తోసుకుంటుందని అర్థం. పొట్ట ఎండుగా ఉంటే లోపలి మెకానికల్ సీలు, ఒక కార్బన్ బిళ్ల, ఒక సిరామిక్ బిళ్ల, రెండూ తడి లేకుండా రాసుకుని నిమిషాల్లో కాలిపోతాయి. పంపు విప్పి ఆ సీలు బాబాయ్ అరచేతిలో పెట్టాను. అద్దంలా మెరవాల్సిన కార్బన్ ముఖం మీద జుట్టంత సన్నటి గీతలు, ఒక అంచు గోరు కొరికినట్టు పెచ్చు లేచి ఉంది, రబ్బరు కాలిన వాసన. ఆయన దాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత చిన్నదా దీన్ని ఆపింది" అన్నాడు. నా దగ్గర ఉన్న కొత్త సీలు వేసి వచ్చాను.

మర్నాడు అసలు పని. ఒడ్డు వాలులో, నీటికి 8 అడుగుల ఎత్తున, ఇద్దరు మనుషులు పూట సేపు తవ్వి నాలుగడుగుల మెట్టు చదును చేశారు. చదును అనేది ఊరికే అందం కోసం చెప్పలేదు. ఈ ఇంజన్లలో చాలావాటికి ఆయిల్ తగ్గితే ఇంజన్ ఆపేసే సెన్సర్ ఉంటుంది, ఇంజన్ ఒక పక్కకి ఒరిగితే ఆయిల్ నిండుగా ఉన్నా అది తగ్గిందనుకుని ఆపేస్తుంది. రైతు ప్లగ్గు పోయిందనుకుని ప్లగ్గు మారుస్తాడు, కాయిల్ పోయిందనుకుని కాయిల్ మారుస్తాడు. నా దగ్గరికి ఇలా వచ్చిన ఇంజన్లు ఎన్నో. మెట్టు మీద రెండు చెక్క పలకలు పరిచి, ఇంజన్ అదురుకి జరిగి వాగులోకి పోకుండా పైన మేకుకి తాడు కట్టాం. సక్షన్ పైపు ముప్పై అడుగులది పదిహేనుకి కోశాం. బాబాయ్‌కి కొత్త పైపు కోయడం మనసొప్పలేదు గానీ, సక్షన్‌లో ప్రతి అడుగూ నష్టమే.

ఈసారి డ్రమ్ము 45 సెకన్లలో నిండింది. నిమిషానికి 267 లీటర్లు. గమనించండి, చేను ఎత్తు మారలేదు, దూరం మారలేదు, నీళ్లు ఎక్కాల్సిన మొత్తం ఎత్తు వాగు నుంచి చేను దాకా అదే 26 అడుగులు. పంపు కూర్చున్న చోటు ఒక్కటే మారింది. తోయడంలో పంపు బలం చాలా ఎక్కువ, పీల్చడంలో దాని చేతిలో ఏమీ లేదు, అంతా గాలి దయ.

అక్కడితో ఆపి ఉంటే వాళ్లు సంతోషించేవాళ్లే. నాకు తృప్తి లేదు. మెట్టు నుంచి చేని బోదెల దాకా 450 అడుగులు, ఆ దూరమంతా చుట్టచుట్టే 2 అంగుళాల నీలం పైపే. ఇంత సన్నటి పైపులో అంత దూరం 267 లీటర్లు పోవాలంటే ఒక్క రాపిడికే సుమారు 13 మీటర్లు, అంటే 43 అడుగుల హెడ్ ఖర్చవుతుంది. నీళ్లు నిజంగా ఎక్కే ఎత్తు 26 అడుగులు, పైపు మింగేది 43. పక్క చేనాయన దగ్గర స్ప్రింక్లర్ సెట్టు తాలూకు 75 ఎంఎం, అంటే దాదాపు 3 అంగుళాల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపులు ఆ సీజన్‌కి ఖాళీగా ఉన్నాయి, 20 అడుగులవి 23 తెచ్చుకున్నారు. పంపు డెలివరీ మూతి దగ్గర రెండంగుళాల నుంచి మూడంగుళాలకి కలిపే రెడ్యూసర్ వేశాం. ఇలా పెద్ద పైపు వేస్తే ప్రెషర్ తగ్గిపోతుందని చాలామంది భయపడతారు, బాబాయ్ కూడా అదే అన్నాడు. పైపు చివర ధార దూరంగా చిమ్మదు, నిజమే. బోదెకి కావాల్సింది చిమ్మడం కాదు, పారడం. డ్రమ్ము 31 సెకన్లలో నిండి పొంగింది. నిమిషానికి 387.

పెట్రోలు లెక్క కుర్రాడి చేతే వేయించాను, వాడికి గుర్తుండాలని. రెండెకరాలకి 4 సెంటీమీటర్ల తడి అంటే సుమారు 3,24,000 లీటర్ల నీళ్లు. నిమిషానికి 120 చొప్పున అయితే 45 గంటలు, 387 చొప్పున అయితే 14 గంటలు. మొదటి రోజు ట్యాంకు నింపి చూస్తే గంటకి లీటరు తాగుతోంది, ఇప్పుడు లోడు పడింది కాబట్టి గంటకి 1.2 లీటర్లు. అంటే ఒక తడికి 45 లీటర్లు పోయేచోట 17 లీటర్లు. లీటరు 110 రూపాయలు వేసుకుంటే 4,950 ఎక్కడ, 1,870 ఎక్కడ. కౌలు కట్టి, నారు కొని, మందులు కొట్టి, కూలీలకి ఇచ్చి, ఆ పైన ప్రతి తడికీ మూడు వేలు ఊరికే గాలిలో కలిసిపోతుంటే ఆ మనిషికి మిగిలేదేంటి? నాకు ఈ పనిలో కోపం వచ్చేది ఇక్కడే. వంద రూపాయల తాడుతో తేలే విషయం ఎవరూ తేల్చరు.

కొనకముందే నా దగ్గరికి వచ్చి ఉంటే ఏం చెప్పేవాణ్ణి అని ఆలోచించాను. ఇదే పంపు చెప్పేవాణ్ణి. రెండెకరాలు, 26 అడుగుల ఎత్తు, 450 అడుగుల దూరం, దీనికి 2 అంగుళాల పంపు, 3 అంగుళాల పైపు సరైన జత. 3 అంగుళాల పంపు పెట్టె మీద 1,000 లీటర్లు అని ఉంటుంది, కానీ దాని హెడ్ చాలావాటిలో రెండంగుళాల దానికంటే తక్కువ. అది కాలువ పక్కన చేలకి, వర్షానికి మునిగిన వరి చేలో నీళ్లు తోడేయడానికి బాగుంటుంది. ఒకటిన్నర అంగుళం హై ప్రెషర్ పంపులు గుట్ట మీద తోటలకి, స్ప్రింక్లర్లకి పనికొస్తాయి, బోదెల తడికి తెస్తే రోజంతా నడపాలి. ఇంకా ఒక్కటి, కొనేముందు ఆ మోడల్ సీలు, ఇంపెల్లర్, తాడు స్ప్రింగు మన మండలంలో దొరుకుతాయో లేదో అడగండి. పేరు తెలియని పంపు రెండు వేలు తక్కువకి వస్తుంది, సీలు కోసం సీజన్ మధ్యలో వారం రోజులు ఆగుతుంది.

మళ్లీ ఫిబ్రవరిలో పిలిచారు. వాగు పారకం ఆగిపోయింది. మొదటి కోత అయిపోయింది, రెండో కోతకి కాయ ఉంది, ఒకటి రెండు తడులు పడితే చాలు. చేని మూలన పాత బావి ఉంది, 28 అడుగుల కింద నీళ్లు. నేను వెళ్లేసరికి బాబాయ్ బావమరిది బావి లోపల సగం లోతున్న రాతి అరుగు మీదికి ఇంజన్ దించడానికి మోకు కట్టేశాడు. "మెట్టు మీద పెడితే నీళ్లొచ్చాయి కదన్నా, ఇదీ అంతే కదా, 8 అడుగుల ఎత్తులో పెడతాం" అన్నాడు. నేను చెప్పిన సూత్రాన్నే పట్టుకున్నాడు, నాకు ఒళ్లు జల్లుమంది.

మోకు విప్పించే దాకా నేను బావి దగ్గర నుంచి కదలలేదు. పెట్రోల్ ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. ఆరుబయట గాలికి కొట్టుకుపోతుంది, బావిలో పోయే దారి లేదు. ఇంజన్ ఆగిపోయిందని చూడటానికి దిగినవాడు తల తిరిగి పడిపోతాడు, వాడికేమైందోనని రెండోవాడు దిగుతాడు, వాడూ పడిపోతాడు. ఇంజన్ ఆపేసి కాసేపు ఆగి దిగినా సరే, ఆ గాలి అక్కడే ఉంటుంది. బావిలోకి, గోతిలోకి, తలుపులు మూసిన షెడ్డులోకి నడిచే ఇంజన్ ఎట్టి పరిస్థితుల్లోనూ పోకూడదు. ఒడ్డు మెట్టు వేరు, అది ఒక పక్క పూర్తిగా తెరిచి ఉంటుంది, అక్కడ కూడా సైలెన్సర్ గాలివాటు వైపు తిప్పే పెట్టించాను. ఇవన్నీ నవంబర్‌లోనే చెప్పి ఉండాల్సింది. పంపు కిందికి దించమని చెప్పిన మనిషి ఎక్కడికి దించకూడదో కూడా అదే నోటితో చెప్పాలి.

బావికి దారి ఒకటే, జనరేటర్ పైన, ఓపెన్‌వెల్ సబ్‌మెర్సిబుల్ మోటారు కింద నీళ్లలో. 1 హెచ్‌పీ మోటారు స్టార్టింగ్‌లో కరెంటు గుంజే తీరుకి కనీసం రెండున్నర, మూడు కేవీఏ జనరేటర్ ఉండాలి. రెండు తడుల కోసం అంత ఖర్చు వద్దనుకున్నాం. వాగు ఇసుకలో చెలమ తీసి చూస్తే నాలుగడుగులకే ఊట వచ్చింది. అందులో రెండు సిమెంటు వరలు దించారు. ఇంజన్ వాగు ఇసుక మీదే పెట్టాం, సక్షన్ ఐదారడుగులు కూడా లేదు. ఇసుక ఇంపెల్లర్‌ని తినేస్తుంది కాబట్టి ఫుట్‌వాల్వ్‌ని ఒక ప్లాస్టిక్ బుట్టలో పెట్టి, చుట్టూ ఆకుపచ్చ షేడ్‌నెట్ రెండు మడతలు చుట్టి, అడుగుకి తగలకుండా కర్రకి వేలాడదీశాం. ఊట తక్కువ కాబట్టి గంట నడిపి గంట ఆపాలి. నీళ్లు అయిపోయి పంపు ఎండితే మళ్లీ సీలు పోతుంది, అందుకని కుర్రాడు పక్కనే కూర్చున్నాడు. ఆగిన గంటలో ఇంజన్ చల్లారేది, పెట్రోలు అప్పుడే పోసేవాడు, వేడి ఇంజన్ మీద పోయొద్దని మొదటి రోజే చెప్పాను.

సీజన్ అయ్యాక ఇంజన్ నా షెడ్డుకి తెచ్చారు. 20 గంటలకి మొదటిసారి, ఆ తర్వాత 100 గంటలకోసారి ఆయిల్ మార్చమన్నాను, మార్చారు, ఆయిల్ తేనె రంగులోనే ఉంది. ట్యాంకులో పెట్రోలు మొత్తం తీసేసి, పెట్రోలు కాక్ మూసి, కార్బురేటర్‌లో మిగిలింది కూడా అయిపోయేదాకా నడిపి ఆపాం. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, అది గాలిలో తేమని పట్టుకుంటుంది, నెలల తరబడి అలాగే వదిలేస్తే కార్బురేటర్ గిన్నెలో తెల్లటి పొడి, తుప్పు పేరుకుంటాయి. పంపు కింది బోల్టు విప్పి నీళ్లు కార్చాం, గుప్పెడు ఇసుక కూడా వచ్చింది. ఇంపెల్లర్ అంచులు కొద్దిగా అరిగాయి, ఇంకో సీజన్ లాగుతుంది. ఎయిర్ ఫిల్టర్ స్పాంజి సర్ఫు నీళ్లలో ఉతికి ఆరబెట్టాం.

గోనెసంచి కప్పి తీసుకెళుతుంటే కుర్రాడు ఒక తాడు చుట్ట నా ముందు పెట్టాడు. అడుగుకొక ముడి వేసి, చివర రాయి కట్టి ఉంది. వాళ్ల మేనమామ పక్క ఊళ్లో ఇంజన్ కొంటానంటే ఆదివారం వెళ్లి కొలిచి వచ్చాడట. "17 అడుగులొచ్చింది అన్నా, ఒడ్డు రాయి, తవ్వలేం, ఏం చేద్దాం?" అన్నాడు. వచ్చే వారం ఇద్దరం కలిసి వెళ్లి చూస్తున్నాం.